కోనులో మిగిలింది

డిసెంబరు ఇరవై రెండు.
డాబాగార్డెన్స్‌లో మా బేకరీ
ఆరింటికే పెనంలా కాలిపోతోంది.
మేకుకి గుచ్చిన ఆర్డరు చీటీలు
ఎండుచేపల దండలా వేలాడుతున్నాయి.
నూట నలభై కేకులు.
నూట నలభై సార్లు ఒకటే మాట:
క్రిస్మస్ శుభాకాంక్షలు.

రాసేది నేనొక్కర్తినే.
చెయ్యి వణుకుతుందని బర్నబాసు గారికి గల్లాపెట్టె,
కండ ఉందని పైడిరాజుకి క్రీము గిలకొట్టడం,
నాకు అక్షరాలు.
పక్కింటి వరాలమ్మ వేళ్ళసందుల్లోంచి
ముగ్గు జార్చినట్టు జార్చాలి,
ఊపిరి బిగబట్టి.

నలభయ్యో కేకు దాకా చెయ్యే రాస్తుంది,
నేను అక్కడ ఉండను.
తర్వాతెప్పుడో, విసుగు బాగా మాగాక,
అందులోంచే ఒక సరదా మొలుస్తుంది.
క్రావడిని ఒకసారి పిల్లితోకలా చుట్టాను,
ఒకసారి కొడవలిలా,
ఒక పెద్దాయన కేకు మీద అచ్చం ఆయన మీసంలా.
ఆయన మీసం దువ్వుకుంటూనే డబ్బులిచ్చాడు,
కనిపెట్టలేదు.
చివరి కొమ్ముని మాత్రం
లాగి లాగి కేకు అంచుదాకా తీసుకెళ్ళి
అక్కడ వదిలేశాను,
బీచిలో అల వెనక్కి పోతూ
ఇసక మీద వదిలేసే నురగగీతలా.
సున్నా లోపల చుక్క పెడితే కన్ను.
అలా డెబ్బై ఆరో కేకు నన్ను చూసింది.

"కేకుకి కన్నేటక్కా?" అన్నాడు పైడిరాజు.
"నువ్వు చెర్రీలు తినకుండా కాపలా."
వాడు ఆ పూటంతా
దానికి వీపు పెట్టి తిన్నాడు.

మూడింటికి జనం.
హారన్లు, చిల్లర, ఫోను, తడిసిన అట్టపెట్టెలు.
జ్ఞానసుందరం గారి పేరు అరకిలోలో పట్టక
సుందరాన్ని రెండో వరసలో పడుకోబెట్టాను.

అప్పుడొచ్చాడొకాయన,
హార్బరు డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు,
కనుబొమల మీద ఎర్రటి దుమ్ము.
"ఏటీ రాయొద్దమ్మా,
మా గుంట రాస్తాదట. రెండో క్లాసు.
ఇప్పుడిప్పుడే ఒత్తులు నేర్సుకుంటంది."

కోనులో అంగుళమున్నర ఎర్రక్రీము ఉంది.
మూతికి గుండుసూది గుచ్చి
కేకు పక్కన పెట్టి, పెట్టె మూసేశాను.
బర్నబాసు గారు గల్లా దగ్గర్నుంచి చూశారు.
దగ్గారు.
లెక్కలో వెయ్యలేదు.

ఆ తర్వాత రాసిన ప్రతి కేకు కిందా
ఆ ఖాళీ కేకే కనిపించింది.
ఎక్కడ మొదలెడుతుందో పిల్ల.
సరిగ్గా నడిమధ్యలో మొదలెట్టి
చోటు చాలక, ఒత్తుల్ని పక్కగోడ మీంచి దింపి
అట్టమీదికి తోలేస్తుందేమో.
స కింద మ ఒత్తు మర్చిపోతే
ఇంట్లో ఎవరైనా దిద్దుతారేమో.
దిద్దకపోతే బాగుణ్ణు.

రాత్రి పదకొండు.
ఓవెను చల్లారుతూ చిటపటమంటోంది.
కడగాల్సిన ట్రే వెనక్కి తిప్పి,
కోనులో మిగిలిన నీలంతో
డాల్ఫిన్స్ నోస్ గీశాను:
ఒక్క గీత, ముక్కు దగ్గర చిన్న వంపు.
లైట్‌హౌసుకి ఒక పసుపు చుక్క.
రేవులోకి పిలుపు రాక
దూరంగా ఆగిన ఓడలు మూడు.
ఇవి ఎవరూ ఆర్డరివ్వలేదు,
ఎవరి పేరూ లేదు.
భుజం నొప్పి ఉంది గాని
ఎవరిదో అన్నట్టుంది.

పైడిరాజు వచ్చి చూసి
పళ్ళపుల్లతో నాలుగోది గీశాడు, బోర్లా.
"మునిగిపోనాదేట్రా?"
"కాదక్కా, నా పడవది. ఒడ్డునెక్కించి ఆరబెట్టేను."
అని, వేలితో కొండ సగం నాకేశాడు.
లైట్‌హౌసు నేను తిన్నాను.
ఓడల్ని వేడినీళ్ళు పట్టుకుపోయాయి.

రేపు నూట అరవై చీటీలు.
జ్ఞానాపురం దాకా నడుస్తూ,
కిటికీల్లో వెలిగే కాగితపు నక్షత్రాల కింద,
రేపటి క్రావడి ఎలా ఉండాలో
వేలితో గాల్లో గీసుకుంటున్నాను,
పెద్దగా, సిగ్గు లేకుండా.
గోడౌను వాచ్‌మను
తననే పిలుస్తున్నాననుకుని
కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.